చిన్న పెట్టెలో పెద్ద యంత్రము: కంప్యూటరుకు విద్యుత్తు నందించు సాధనము కథ

కంప్యూటరు కొనదలచినవారు మొదట దాని వేగమును గురించి అడుగుతారు. తరువాత జ్ఞాపకశక్తి ఎంత అని అడుగుతారు. పెట్టె వెనుక మూలను, ఇనుప డబ్బాలో దాగియుండి, గోడలోని విద్యుత్తును యంత్రమునకు పనికివచ్చునట్లు మార్చి ఇచ్చు సాధనమును గురించి అడిగేవారు అరుదు. దానిని పవర్ సప్లై అంటారు. ఐనను, బీరువాలంత ఉండిన కంప్యూటరు బల్లమీదికి వచ్చి, అక్కడినుండి చెంబెడు పెట్టెలోనికి దిగుటకు, చిప్పులు ఎంత కారణమో ఈ సాధనము కూడ అంత కారణము. చిన్న పెట్టెలో పెద్ద పని చేయవలెనని యత్నించి చెడిపోయిన యంత్రములలో పెక్కు విద్యుత్తు దగ్గరనో, వేడి దగ్గరనో చెడినవి. ఆ చరిత్ర తెలిసినవారికి నేడు భాగములను ఎన్నుకొనుట సులభము.

వేడి ఎక్కడనుండి వచ్చును?

ముందుగా ఒక విషయమును స్పష్టము చేసికొనవలెను. నీరు తోడే మోటారు తాను తీసికొన్న విద్యుత్తులో కొంత భాగమును నీటిని పైకెత్తుటకు ఖర్చు చేయును. కంప్యూటరు అట్లు దేనినీ ఎత్తదు, తిప్పదు. అది చేసే గణనము బరువులేని పని. కనుక అది గోడనుండి తీసికొన్న ప్రతి వాటు చివరకు వేడిగా మారవలసినదే. 200 వాట్లు తీసికొనే కంప్యూటరు గదికి 200 వాట్ల పొయ్యితో సమానము. పెట్టె పెద్దదైతే ఈ వేడి పలుచగా పరచుకొని, గోడల గుండా, రంధ్రముల గుండా బయటికి పోవును. పెట్టె చిన్నదైతే పోవుటకు దారి చాలదు. దారి చాలనపుడు లోపలి ఉష్ణోగ్రత పెరుగును.

1946లో అమెరికాలో ప్రజలకు చూపిన ఎనియాక్ అను యంత్రము సుమారు 18,000 వాక్యూమ్ ట్యూబులతో, 30 టన్నుల బరువుతో, ఒక పెద్ద హాలును ఆక్రమించినది. అది 150 కిలోవాట్ల విద్యుత్తును తీసికొనెడిది. ట్రాన్సిస్టర్లు వచ్చిన తరువాత పరిమాణము తగ్గినది గాని, 1970 దశాబ్దములో కూడ కంప్యూటరు బీరువా రూపమును విడువలేదు. హైదరాబాదులో 1967లో స్థాపించబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా తయారుచేసిన టి.డి.సి. శ్రేణి కంప్యూటర్లు అట్టివే. బీరువాలో గణనము చేయు బోర్డులతోబాటు, వాటికి విద్యుత్తు నిచ్చు బరువైన ఇనుప ట్రాన్స్‌ఫార్మర్లకు కూడ చోటు కావలసియుండెను.

పాత పద్ధతి

గోడలో లభించునది ఏకాంతర విద్యుత్తు. మన దేశములో అది 230 వోల్టులు, సెకనుకు 50 ఆవృత్తములు. కంప్యూటరు చిప్పులకు కావలసినది 5 వోల్టులో అంతకు తక్కువో గల ఏకముఖ విద్యుత్తు. దీనిని మార్చుటకు పాత పద్ధతి ఇట్లుండెను. మొదట ఒక ట్రాన్స్‌ఫార్మరు 230 వోల్టులను 8 లేక 9 వోల్టులకు దించును. డయోడులు దానిని ఏకముఖముగా చేయును. తరువాత రెగ్యులేటరు అను భాగము, ఎక్కువగా ఉన్న వోల్టేజిని వేడిగా మార్చి పారవేసి, సరిగా 5 వోల్టులను మాత్రమే ముందుకు పంపును.

లెక్క చూడుడు. 9 వోల్టులనుండి 5 వోల్టులు కావలెననిన 4 వోల్టులు వ్యర్థము. యంత్రమునకు 7 ఏంపియర్లు కావలెననిన, ఉపయోగపడునది 35 వాట్లు, వేడిగా పోవునది 28 వాట్లు. ఇది నిండుకుండను తూములో పెట్టి, కావలసినంత మాత్రము గిన్నెలో పట్టుకొని, మిగిలినది నేలపాలు చేయుట వంటిది. 1975 జనవరిలో పేరుపొందిన ఆల్టెయిర్ 8800 అను తొలి చిన్న కంప్యూటరులో ఈ పద్ధతియే ఉండెను. పెద్ద ట్రాన్స్‌ఫార్మరు 8 వోల్టులను ఇచ్చెడిది. ప్రతి బోర్డు మీదను ఒక రెగ్యులేటరు ఉండి దానిని 5 వోల్టులకు దించెడిది. అనగా పెట్టెలో ఎన్ని బోర్డులు గుచ్చితే అన్ని చిన్న పొయ్యిలు వెలిగించినట్లే.

మీట వేసి తీయు పద్ధతి

దీనికి విరుగుడు చాలకాలముగా తెలిసినదే. 1930 దశాబ్దములో మోటారు కార్లలో రేడియోలు పెట్టినపుడు ఒక చిక్కు వచ్చినది. కారు బ్యాటరీలో ఉండునది 6 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. రేడియో ట్యూబులకు కావలసినది అంతకు ఎన్నో రెట్లు. ఏకముఖ విద్యుత్తు ట్రాన్స్‌ఫార్మరు గుండా పోదు. కనుక అదురుచుండే ఒక చిన్న లోహపు నాలుకతో విద్యుత్తును మాటిమాటికి తెంపుచు, కలుపుచు ట్రాన్స్‌ఫార్మరులోనికి పంపినారు. ఈ సాధనమును వైబ్రేటరు అనేవారు. అది తుమ్మెదవలె ఝుమ్మని మ్రోగెడిది.

ఇదే సూత్రమును ట్రాన్సిస్టరుతో చేసినచో రెండు లాభములున్నవి. మొదటిది: పూర్తిగా మూసియున్న మీటలో వోల్టేజి పడిపోదు, పూర్తిగా తెరచియున్న మీటలో ప్రవాహమే ఉండదు. ఏ స్థితిలోను వేడి ఎక్కువగా పుట్టదు. ఎంతసేపు మూయవలెను, ఎంతసేపు తెరవవలెను అనుదానిని మార్చి కావలసిన వోల్టేజిని రాబట్టవచ్చును. రెండవది పరిమాణమునకు సంబంధించినది. 100 వాట్లను సెకనుకు 50 ఆవృత్తములతో పంపవలెననిన ప్రతి ఆవృత్తములోను 2 జౌళ్ల శక్తిని ట్రాన్స్‌ఫార్మరు మోయవలెను. సెకనుకు 50,000 సార్లు మీట వేసి తీసినచో ప్రతిసారి మోయవలసినది జౌలులో 500వ వంతు మాత్రమే. బస్తాలను మోయుటకు బండి కావలెను. గింజలను మోయుటకు చీమ చాలును, అది తగినన్నిసార్లు తిరిగినచో. కనుక కిలోలకొద్ది ఇనుమున్న ట్రాన్స్‌ఫార్మరు బదులు, అరచేతిలో ఇమిడే ఫెర్రైటు దిమ్మ చాలును. ఈ ఫెర్రైటు 1930 ప్రాంతమున టోక్యోలో కటో, టకేయి అను శాస్త్రజ్ఞులు కనుగొన్న పదార్థము. అయస్కాంతమువలె పనిచేయుచు విద్యుత్తును దాదాపు పోనీయదు గనుక, అధిక ఆవృత్తియందు వేడెక్కదు.

అధిక వోల్టేజిని తట్టుకొని వేగముగా పనిచేయు ట్రాన్సిస్టర్లు 1960 దశాబ్దపు చివరికి గాని చౌకగా దొరకలేదు. మీటను ఎప్పుడు వేయవలెనో నిర్ణయించు తంత్రమంతయు ఒకే చిప్పులో పెట్టి రాబర్ట్ మమానో 1976లో రూపొందించిన ఎస్‌జి 1524, ఈ సాధనములను సామాన్యుని అందుబాటులోనికి తెచ్చిన మెట్లలో ఒకటి.

1977లో వెలువడిన యాపిల్ 2 కంప్యూటరు ఈ మార్పును ఇండ్లలోనికి తీసికొనిపోయినది. ఫ్యాను శబ్దము ఉండరాదని స్టీవ్ జాబ్స్ పట్టుపట్టినాడు. ఫ్యాను లేకుండ ప్లాస్టిక్ పెట్టెలో పాత పద్ధతి సాగదు. రాడ్ హోల్ట్ అను ఇంజనీరు దానికై 38 వాట్ల చిన్న స్విచింగ్ పవర్ సప్లైని రూపొందించినాడు. తరువాతి కంప్యూటర్లన్నియు దానినే అనుసరించినవని ఒక వాడుక మాట ఉన్నది. అది సరికాదు. మినీ కంప్యూటర్లలో ఈ పద్ధతి అప్పటికే ప్రవేశించియుండెను. హోల్ట్ గొప్పతనము వేరు. చిన్న పెట్టె, ఫ్యాను లేకుండుట, తక్కువ ఖరీదు అను మూడింటిని ఒకేసారి సాధించి, పవర్ సప్లై చివరన తగిలించు వస్తువు కాదు, పెట్టెతోబాటు ఆలోచించవలసిన భాగము అని చూపినాడు.

వర్క్‌స్టేషను బల్లమీదికి వచ్చుట

ఇంజనీర్లు, శాస్త్రజ్ఞులు, చిత్రకారులు వాడుకొనుటకై ఒక్కరి బల్లమీదనే పెద్ద శక్తినుంచు కంప్యూటరును వర్క్‌స్టేషను అంటారు. 1982లో స్థాపించబడిన సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ వీటికి పేరుపొందినది. 1988లో నెక్స్ట్ సంస్థ ప్రతి వైపును ఒక అడుగుండే నల్లని మెగ్నీషియపు ఘనములో తన యంత్రమును అమర్చినది. 1989లో సన్ సంస్థ వెలువరించిన స్పార్క్‌స్టేషన్ 1 సుమారు 16 అంగుళముల చదరము, 3 అంగుళముల ఎత్తు గల పళ్లెమువంటి పెట్టె. అమెరికనులు దానికి పిజ్జా పెట్టె అని పేరుపెట్టినారు. సెకనుకు 1 కోటి 25 లక్షల ఆదేశములను నెరవేర్చు యంత్రము దృశ్యపటము క్రింద పీటవలె ఇమిడినది.

ఇవి ఒక్కొక్క సంస్థ తనకు తాను చేసికొన్న యంత్రములు. పవర్ సప్లై చెడినచో ఆ సంస్థ దానినే కొనవలెను. సామాన్య కంప్యూటర్ల మార్గము వేరుగా సాగినది. 1981లో ఐబిఎం పర్సనల్ కంప్యూటరులో 63.5 వాట్ల పవర్ సప్లై ఉండెను. 1983 నాటి ఎక్స్‌టి నమూనాలో అది 130 వాట్లైనది. 1984 నాటి ఏటి నమూనాలో 192 వాట్లైనది. ఇతరులు ఐబిఎం పెట్టె కొలతలనే అనుసరించుటచే, ఒకరి భాగము మరొకరి పెట్టెలో అమరు సదుపాయము కలిగినది. 1995లో ఇంటెల్ సంస్థ ఏటిఎక్స్ అను కొలతల పట్టికను ప్రకటించినది. అందు మదర్‌బోర్డు 305 మి.మీ. పొడవు, 244 మి.మీ. వెడల్పు. పవర్ సప్లై 150 మి.మీ. వెడల్పు, 86 మి.మీ. ఎత్తు, మామూలుగా 140 మి.మీ. లోతు.

కొలతలు తగ్గిన క్రమము గమనింపదగినది. 1997లో మైక్రో ఏటిఎక్స్, 1999లో ఫ్లెక్స్ ఏటిఎక్స్, 2001లో తైవానుకు చెందిన వియా సంస్థ ప్రతిపాదించిన మినీ ఐటిఎక్స్ వచ్చినవి. చివరిది 170 మి.మీ. చదరము. అనగా ఏటిఎక్స్ బోర్డులో సుమారు అయిదింట రెండు వంతులు. పవర్ సప్లైలలో 1997 నాటి ఎస్‌ఎఫ్‌ఎక్స్ కొలత 125, 100, 63.5 మిల్లీమీటర్లు. ఏటిఎక్స్ సాధనము 1.8 లీటర్ల స్థలమును తీసికొనగా ఇది 0.8 లీటరు మాత్రమే తీసికొనును. అదే 2001లో తైవానులోని షటిల్ సంస్థ చెప్పుల పెట్టె వంటి చిన్న అల్యూమినియపు పెట్టెలో పూర్తి కంప్యూటరును అమర్చి అమ్మజొచ్చినది. వేడిని ప్రాసెసరునుండి పెట్టె వెనుకకు చేరవేయుటకు తరువాతి నమూనాలలో వేడినాళమును వాడినారు. ఇది 1963లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జి గ్రోవరు చేసి చూపిన సాధనము. మూసిన రాగి గొట్టములో కొంచెము ద్రవముండును. అది వేడికొనన ఆవిరియై, చల్లని కొనన ద్రవమై, లోపలి వత్తి గుండా తిరిగి వచ్చును. కదలే భాగమేదియు లేదు.

వేడి ప్రతీకారము

కొలతలు తగ్గుచున్న ఆ కాలముననే చిప్పుల ఆకలి పెరిగినది. 1974లో ఐబిఎంలో రాబర్ట్ డెన్నార్డ్, ఆయన సహచరులు ఒక విషయమును నిరూపించినారు. ట్రాన్సిస్టరును ఎంత చిన్నది చేయుదుమో, వోల్టేజిని కూడ అంత తగ్గించినచో, చదరపు మిల్లీమీటరునకు పుట్టే వేడి మారదు. ముప్పది సంవత్సరముల పాటు ఈ సూత్రము ఇంజనీర్లకు కొండంత అండగా నిలిచినది. కాని వోల్టేజి ఒక హద్దు దాటి తగ్గినచో, తెరచియున్న మీట కూడ కారుట మొదలుపెట్టును. 2005 ప్రాంతమునకు ఆ హద్దు వచ్చినది. 1993 నాటి తొలి పెంటియము సుమారు 15 వాట్లు తీసికొనగా, 2004 నాటి పెంటియం 4లో వేగవంతమైనవి 115 వాట్లు తీసికొన్నవి. ఆ సంవత్సరమే ఇంటెల్ సంస్థ అంతకంటె వేగమైన నమూనాలను విడిచిపెట్టినది.

ఈ మార్పు పవర్ సప్లై లోపలి అమరికను కూడ మార్చినది. పాత కంప్యూటర్లలో చిప్పులకు 5 వోల్టుల తీగనుండియే విద్యుత్తు వచ్చెడిది. 60 వాట్లను 5 వోల్టులతో పంపవలెననిన 12 ఏంపియర్లు ప్రవహించవలెను. 12 వోల్టులతోనైతే 5 ఏంపియర్లు చాలును. తీగలో పుట్టే వేడి ప్రవాహపు వర్గము ననుసరించును గనుక, అది దాదాపు ఆరింట ఒక వంతునకు తగ్గును. దూరపు ఊళ్లకు విద్యుత్తును అధిక వోల్టేజితో పంపుట కూడ ఈ కారణము చేతనే. అందుచే 2000లో పెంటియం 4 వచ్చినప్పటినుండి ప్రాసెసరునకు ప్రత్యేకముగా 12 వోల్టుల తీగలను ఇచ్చి, ప్రాసెసరు ప్రక్కనే దానిని కావలసిన తక్కువ వోల్టేజికి దించు ఏర్పాటు చేసినారు. 100 వాట్ల ప్రాసెసరు 1.25 వోల్టుల వద్ద 80 ఏంపియర్లు తీసికొనును. అంత ప్రవాహమును దూరమునుండి తేలేము.

వేడిని లెక్కచేయని యంత్రములకు ఏమైనదో రెండు ఉదాహరణములు చెప్పుదును. 2000 జూలైలో యాపిల్ సంస్థ పవర్ మాక్ జి4 క్యూబ్ అను కంప్యూటరును ప్రకటించినది. 8 అంగుళముల ఘనము, పారదర్శకమైన తొడుగులో వ్రేలాడుచున్నట్లుండును. ఫ్యాను లేదు. పొగగొట్టములోవలె వేడిగాలి పైకెక్కి పోవుటయే చల్లదనమునకు ఆధారము. పవర్ సప్లైని లోపల పెట్టలేక బయట విడిగా ఉంచినారు. చూచినవారందరు మెచ్చినారు గాని ఖరీదు 1,799 డాలర్లు. అంతకంటె తక్కువ ధరకు విస్తరించదగిన పెద్ద యంత్రము దొరకెడిది. 2001 జూలైలో దాని తయారీని నిలిపివేసినారు.

అదే సంస్థ 2013లో నల్లని స్తంభాకారపు మాక్ ప్రోను తెచ్చినది. ఎత్తు 25 సెంటీమీటర్లు. నడుమ త్రికోణపు లోహపు దిమ్మ, దాని మూడు ముఖములకు ఒక ప్రాసెసరు, రెండు గ్రాఫిక్స్ చిప్పులు అంటియుండును. ఒకే పెద్ద ఫ్యాను. పవర్ సప్లై 450 వాట్లు. వేడి మూడు ముఖములకు సమముగా పంచబడునంతవరకు ఇది చక్కని ఏర్పాటు. కాని గణనలోకము రెండు మధ్యరకపు గ్రాఫిక్స్ చిప్పుల బదులు, అత్యధికముగా శక్తిని తీసికొనే ఒకే చిప్పు వైపు మొగ్గినది. స్తంభములో దానికి చోటు లేదు. 2017లో ఆ సంస్థ అధికారులు, ఉష్ణము విషయములో తమను తామే మూలకు నెట్టుకొన్నామని బహిరంగముగా ఒప్పుకొన్నారు. 2019లో వచ్చిన నమూనా మరల పెద్ద పెట్టె. పవర్ సప్లై 1,400 వాట్లు.

వేడికి మరొక బాధితుడు కెపాసిటరు. పవర్ సప్లైలలోను, మదర్‌బోర్డుల మీదను, విద్యుత్తులోని ఎగుడుదిగుడులను చదును చేయుటకు లోపల ద్రవముండే అల్యూమినియపు కెపాసిటర్లను వాడుదురు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినచో వాటి ఆయువు సుమారు సగమగునని ఇంజనీర్ల లెక్క. 2000 తరువాతి తొలి సంవత్సరములలో కొన్ని సంస్థల కెపాసిటర్లలో ద్రవమే లోపముగలది కాగా, అవి లక్షలకొద్ది ఉబ్బి పగిలినవి. 2005లో డెల్ సంస్థ అట్టి మదర్‌బోర్డులను మార్చుటకు 30 కోట్ల డాలర్లను కేటాయించవలసివచ్చినది.

వృథాను తగ్గించిన ఒప్పందము

2004లో అమెరికాలో 80 ప్లస్ అను పథకము వెలసినది. దాని నియమము సులభము: 20, 50, 100 శాతముల బరువు వద్ద పవర్ సప్లై దక్షత 80 శాతమునకు తగ్గరాదు. అంతకుముందు 65, 70 శాతముల సాధనములు మామూలు. 300 వాట్లు కావలసిన యంత్రమునకు 70 శాతపు సాధనము గోడనుండి 429 వాట్లు తీసికొని 129 వాట్లను డబ్బాలోనే కాల్చును. 90 శాతపు సాధనము 333 వాట్లు తీసికొని 33 వాట్లను మాత్రమే వృథా చేయును. తేడా 96 వాట్లు. సంవత్సరమునకు 2,000 గంటలు పనిచేసినచో 192 యూనిట్లు. డబ్బు ఆదా ఒకయెత్తు. చిన్న డబ్బాలో 129 వాట్ల బదులు 33 వాట్లను చల్లార్చుట మరొకయెత్తు. ఎస్‌ఎఫ్‌ఎక్స్ కొలతలో మొదట వంద వాట్ల ప్రాంతపు సాధనములు వచ్చిన చోట, ఇప్పుడు వందలకొద్ది వాట్ల సాధనములు ఇముడుటకు ఈ దక్షతయే కారణము.

పాత సాధనముల వెనుక 115, 230 అను అంకెలతో ఒక ఎర్రని మీట ఉండెడిది. 115 వోల్టుల దేశములలో లోపల వోల్టేజిని రెట్టింపు చేసి సుమారు 320 వోల్టుల ఏకముఖ విద్యుత్తును పొందెడివారు. మన 230 వోల్టులనుండి అది నేరుగా లభించును. మీట 115 వైపుండగా మన గోడకు తగిలించినచో 650 వోల్టులు పుట్టి కెపాసిటర్లు పేలిపోయెడివి. ఇప్పటి మంచి సాధనములు వోల్టేజిని తామే గుర్తించి సర్దుకొనును. కాని పాత వస్తువును కొనువారు ఆ మీటను చూచుకొనవలెను.

వేడిని పెట్టె బయటికి పంపుట మరొక ఉపాయము. 2016లో హెచ్‌పి సంస్థ తెచ్చిన జడ్ 2 మినీ వర్క్‌స్టేషనుకు పవర్ సప్లై విడిగా, ఇటుకరాయి రూపములో ఉండును. దీనికి భిన్నముగా 2022 నాటి మాక్ స్టూడియోలో పవర్ సప్లై లోపలనే ఉన్నది. ప్రాసెసరును, గ్రాఫిక్స్ చిప్పును, జ్ఞాపకశక్తిని ఒకేచోట చేర్చి వేడినే తగ్గించుకొన్న యంత్రము గనుక, 20 సెంటీమీటర్ల చదరపు పెట్టె చాలినది.

భాగములను ఎన్నుకొను క్రమము

ఈ చరిత్రనుండి మనము నేర్చుకొనవలసినది ఒక క్రమము. సామాన్యముగా జనులు మొదట అందమైన పెట్టెను, తరువాత బలమైన ప్రాసెసరును, చివరకు మిగిలిన డబ్బుతో పవర్ సప్లైని కొందురు. క్రమము దీనికి తలక్రిందులుగా ఉండవలెను. మొదట పని, పిమ్మట పనికి కావలసిన వాట్లు, పిమ్మట ఆ వాట్లను మోయు పవర్ సప్లై, పిమ్మట ఆ వేడిని వెడలగొట్టగల పెట్టె.

ఒక ఇంజనీరు భవనముల నమూనాలు గీయుటకు యంత్రము కావలెనన్నాడనుకొందము. 65 వాట్ల తరగతి ప్రాసెసరు బిగువుగా పనిచేయునపుడు సుమారు 90 వాట్లు తీసికొనవచ్చును. పెట్టెమీద వ్రాసిన అంకె సగటును చెప్పునే గాని గరిష్ఠమును చెప్పదని గుర్తుంచుకొనవలెను. 70 వాట్లతో పనిచేసే చిన్న వర్క్‌స్టేషను గ్రాఫిక్స్ కార్డులు దొరకును. మదర్‌బోర్డు గాడి 75 వాట్ల వరకు ఇవ్వగలదు గనుక వీటికి వేరే తీగ అక్కరలేదు. మదర్‌బోర్డు, జ్ఞాపకశక్తి, డిస్కు, ఫ్యాన్లకు 40 వాట్లు. మొత్తము 200 వాట్లు. దీనికి 400 వాట్ల ప్రాంతపు ఎస్‌ఎఫ్‌ఎక్స్ సాధనము తగును. సగము బరువు వద్దనే దక్షత ఎక్కువ, ఫ్యాను నెమ్మది.

మరొకరికి 450 వాట్ల గ్రాఫిక్స్ కార్డు, 230 వాట్ల ప్రాసెసరు కావలెననుకొందము. మొత్తము 700 వాట్లు దాటును. ఇట్టి కార్డులు సెకనులో పదివేలవ వంతు కాలము తమ మామూలు శక్తికి రెట్టింపు లాగుకొనగలవు. 2022 నాటి ఏటిఎక్స్ 3.0 నియమములు పవర్ సప్లై ఈ కుదుపులను తట్టుకొనవలెనని శాసించినవి. ఆ సంవత్సరమే వచ్చిన కొన్ని పెద్ద కార్డులలో 16 సూదుల కనెక్టరు కరిగిపోయినది. పూర్తిగా లోనికి దిగని కనెక్టరులో కొన్ని సూదులే ప్రవాహమంతయు మోయుట ఒక ముఖ్య కారణముగా తేలినది. 2023లో ఆ కనెక్టరును సవరించినారు. ఇరుకు పెట్టెలో తీగను కనెక్టరు దగ్గరనే మడువవలసివచ్చును. కనుక మూత బిగించుటకు ముందు కనెక్టరు పూర్తిగా దిగినదా అని చూచుట తప్పనిసరి.

ఇక గాలి లెక్క. లోనికి పోవు గాలికంటె వచ్చు గాలి 10 డిగ్రీలు మాత్రమే ఎక్కువ వేడిగా ఉండవలెననిన, 200 వాట్లకు సెకనుకు 17 లీటర్ల గాలి చాలును. 750 వాట్లకు 60 లీటర్లకు పైగా కావలెను. చిన్న ఫ్యాను అంత గాలిని తోలవలెననిన ఎక్కువ వేగముతో తిరుగవలెను, ఎక్కువగా మ్రోగవలెను. రామగుండములోనో, రెంటచింతలలోనో మే మాసములో గది గాలియే 40 డిగ్రీలు దాటును. చల్లని దేశములో 25 డిగ్రీల గదిలో పరీక్షించిన యంత్రమునకు ఇక్కడ 15 డిగ్రీల అదనపు భారము. అందుచే పవర్ సప్లైమీద వ్రాసిన వాట్లు ఏ ఉష్ణోగ్రత వద్ద లెక్కించినవో చూడవలెను. 40 డిగ్రీల వద్ద, వీలైన 50 డిగ్రీల వద్ద పూర్తి శక్తినిచ్చునదే మనకు తగినది.

విద్యుత్తు పోవుట మనకు మరొక బాధ. గోడలో విద్యుత్తు ఆగిన తరువాత కూడ పవర్ సప్లైలోని కెపాసిటరు కొంతసేపు యంత్రమును నడుపును. ఏటిఎక్స్ నియమము ప్రకారము ఈ కాలము సుమారు 16 మిల్లీసెకనులు, అనగా ఒక ఆవృత్తము కంటె తక్కువ. మంచి యు.పి.ఎస్. అంతలోపల అందుకొనును. చౌక సాధనములలో కెపాసిటరును తగ్గించుటచే యు.పి.ఎస్. ఉన్నను కంప్యూటరు ఆగిపోవును. రాత్రంతయు సాగిన గణనము తెల్లవారుజామున ఆ రెప్పపాటులో పోయినచో, పవర్ సప్లైమీద మిగిలిన రెండువేల రూపాయలు దానిని తిరిగి తేలేవు.

ఎనియాక్ నాటినుండి నేటివరకు వేడి విషయమున మనుష్యులు కనుగొన్న మార్గములు మూడే: వేడిని తక్కువగా పుట్టించుట, పుట్టినదానిని త్వరగా తరలించుట, పెట్టె బయటనే పుట్టునట్లు చేయుట. ఈ మూడింటిలో ఒకటైనను సరిగా చేసిన చిన్న యంత్రములు నిలిచినవి. భాగముల పట్టికను చేతబట్టి అంగడికి పోవునపుడు, పట్టిక అడుగున ఉన్న పవర్ సప్లైని మొదటి వరుసకు ఎక్కించి, దాని ప్రక్కన వాట్లను కూడి వ్రాసికొనుట ఐదు నిమిషముల పని.